పదకొండు దగ్గర ఆగిన లెక్క

అయినా ఆ మనిషి పదకొండు దగ్గరే ఎందుకు ఆగాడు? చొక్కా గుండీకి కాజా కుడుతున్న సూది వేలికి గుచ్చుకున్నా ఆమె ఆలోచన అక్కణ్ణుంచి కదల్లేదు.

కుట్టుకేంద్రంలో అందరూ ఆమెను కాజాల అక్క అంటారు. కొత్త హాలు గోడకు వేలాడదీయడానికి పనివాళ్ళంతా తలా ఒక చదరపు ముక్క కుట్టారు. అన్నీ సమానమైన వరసలుగా అతికి ఒకే బొంత చెయ్యాలి. ముక్కలు రెండువందల ఇరవై ఒకటి తేలాయి. పొద్దున కటింగ్ మాస్టరు బల్ల మీద సుద్దతో భాగించి చూశాడు: రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు. ప్రతిసారీ ఎంతో కొంత మిగిలింది. సుద్ద విసిరేశాడు.

“ఇది తెగే సంఖ్య కాదు. ఒకటి తీసేస్తే ఇరవై వరసలు, వరసకి పదకొండు. పీడా పోతుంది!”

“ఏది తీస్తారు మాస్టారూ?” ఎవరో అడిగారు.

“ఊడ్చే పెద్దమ్మది. ఆవిడేమైనా కుట్టుపని మనిషా?”

పెద్దమ్మ చీపురుతో గుమ్మంలోనే ఉంది. “పోన్లే నాయనా, నా కుట్లు వంకరేగా,” అని నవ్వింది.

ఆ నవ్వు తల్చుకుంటేనే అక్కకు కడుపు మండిపోతోంది. కింద రాలిన దారప్పోగులు ఏరి, ముడేసుకుని, వారం రోజులు భోజనాల వేళ కూర్చుని కుట్టింది ముసలావిడ. నీలం కిటికీ, అందులో ఒక పిట్ట. విసుగొస్తే చాలు, మనిషిని తీసి అవతల పడెయ్యడమేనా? ఇంకొక్క భాగహారానికి ఓపిక లేకపోయిందా? మాస్టరు “ఏమంటావ్?” అన్నట్టు చూస్తే తనూ తలూపింది! అది గుర్తొచ్చేసరికి ఒళ్ళు మరింత మండింది.

చిన్నప్పట్నుంచీ ఏ సంఖ్య కనబడినా ఇక విడగొట్టలేని ప్రధాన సంఖ్యలదాకా విడగొట్టడం ఆమెకు అలవాటు. తన గది నంబరు డెబ్బై రెండు: రెండుని మూడుసార్లు, మూడుని రెండుసార్లు వేసి గుణిస్తే వచ్చేది. అలాంటిది, పొద్దున బుర్ర ఏ గంగలో కలిసింది? పదకొండు తరవాత పదమూడు. పదమూడు పదులు నూటముప్పై. మిగిలింది తొంభై ఒకటి. పదమూడు ఏడ్లు...

చేతిలో చొక్కా పక్కన పెట్టి లేచింది.

“మాస్టారూ, పదమూడు చూశారా?”

“పదమూడేంటి?”

“పదమూడు పదిహేడ్లు. సరిగ్గా రెండువందల ఇరవై ఒకటి.”

“కాజాలు కుట్టుకోమ్మా. లెక్కలు మాకొదిలెయ్.”

“మీకొదిలేస్తేనేగా పెద్దమ్మ గల్లంతయింది!”

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. మాస్టరు సుద్ద వెతుక్కుని, పెదాలు కదుపుతూ గుణించాడు. మొహం ఎర్రబడింది.

“బొంత వేలాడదీసే కర్ర పదకొండు ముక్కల వెడల్పుకే కోయించేశాను. ఇంకో రకంగా కుదరదా?”

“కుదరదు. పదమూడూ, పదిహేడూ ఇక తెగవు. ఉన్నది ఒక్క దారే. కర్రంటారా, ఇంకోటి కోయించుకోండి.”

ఆయన జవాబు కోసం ఆమె ఆగలేదు. వంగి, బల్లకింద చెత్తబుట్టలో మాస్టరు పడేసిన పెద్దమ్మ పిట్ట ముక్కను తీసి, దుమ్ము దులిపి, తన ముక్క అంచుకు ఆనించి మొదటి కుట్టు వేసింది.