తోక దగ్గర బరువు

ఆ చిన్న విమానాశ్రయంలో పొద్దున పూట ఏదీ పూర్తిగా ఉండేది కాదు. పొగమంచు దేన్నయినా సగమే మిగిల్చేది. విమానం తోక కనిపిస్తే ముక్కు కనిపించేది కాదు. నడిచొచ్చే మనుషులకు మోకాళ్ళ కింద ఏమీ ఉండేది కాదు. తూకం గదిలో కిటికీ పక్కన కూర్చునే ముసలాయన ఒక్కడే పూర్తిగా ఉన్నట్టుండేవాడు, అదీ ఆయన కదలడు కాబట్టి.

ఆయన్ని అందరూ కాటాయన అనేవారు. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆయన పని ఒకటే. ఎక్కబోయే ప్రతి మనిషినీ చేతిసంచీతో సహా ఇనుప కాటా మీద నిలబెట్టడం, గోడ మీద పళ్ళెమంత డయల్లో ముల్లు ఆగేదాకా చూడటం, అంకె రాసుకోవడం. విమానంలో సీట్లు పద్దెనిమిది. ఎవరు ఎంత బరువో, ఎక్కడ కూర్చోవాలో లెక్కకట్టి ఆయన కాగితం మీద సంతకం పెడితేనే పైలట్ ఇంజను మొదలుపెట్టేవాడు. అంకె పైకి చదివే అలవాటు ఆయనకు లేదు. ఆడవాళ్ళు అందుకు ఆయన్ని గౌరవించేవారు. మగవాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడేవారు, బిగబడితే తగ్గుతామన్నట్టు.

ముల్లు ఆగే ముందు కాసేపు వణికేది. ఆ వణుకులో ఆయనకు ఎక్కడలేని ఆలోచనలూ వచ్చేవి. మనిషి వెళ్ళిపోయాక కూడా ఆ బరువు గదిలో ఎక్కడో నిలబడి ఉన్నట్టు అనిపించేది.

కంపెనీకి ఉన్నవి రెండే విమానాలు. పేరు సొంతం కాదు. తోక మీద నీలం పిట్ట, టిక్కెట్టు మీద అక్షరాలు, కాటాయన చొక్కా గుండీలు, అన్నీ పెద్ద కంపెనీవే. ఏటా ఇంత అని కట్టి, వాళ్ళ పేరుతో ఎగరడానికి ఒప్పందం. ఎక్కేవాళ్ళలో సగం మందికి ఆ సంగతే తెలియదు. తెలియకుండా ఉన్నన్నాళ్ళూ బాగానే నడిచింది.

ఒక నెల జీతం తొమ్మిది రోజులు ఆలస్యమైంది. దాంతో మొదలైంది.

"పెద్దవాళ్ళు పేరు వెనక్కి తీసుకుంటున్నారట," అంది క్యాంటీన్ ఆవిడ గ్లాసులు కడుగుతూ.

"మరి తోక మీద పిట్ట?" అన్నాడు సామాన్లు మోసే పొడుగాయన.

"దాన్నీ గోకేస్తారట."

"పిట్ట లేకపోతే ఎగరదా ఏం?"

"ఎగురుతుంది. దిగేచోట ఎవరూ దిగనివ్వరు."

"నీకెవరు చెప్పారే తల్లీ?"

"నిన్న పైలట్ కాఫీకి అప్పు పెట్టాడు. ఇంకెవరు చెప్పాలి?"

ఊరికి అంతకన్నా మంచి ఆధారం దొరికింది. ఆ రకం విమానంలో జనం తక్కువైతే ముక్కు బరువెక్కుతుంది. ఉన్నవాళ్ళను వెనక సీట్లలో కూర్చోబెట్టినా చాలదు. తోక దగ్గరున్న సామాన్ల అరలో ఇసుక సంచులు పెట్టాలి. సంచికి ఇరవై కిలోలు. జనం ఎంత తక్కువైతే ఇసుక అంత ఎక్కువ. ఇది తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. పొద్దున్నే కంచె బయట నిలబడి, తోపుడుబండి మీద విమానం దగ్గరికి వెళ్ళే సంచులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నాలుగు అంటే పర్వాలేదు. ఆరు అంటే పెదవి విరిచేవారు. సోమవారం తొమ్మిది వెళ్ళాయి. మధ్యాహ్నానికి టిక్కెట్ల కౌంటరులో ముగ్గురు డబ్బు వెనక్కి అడిగారు.

కంచె బయట నిలబడేవాళ్ళలో కాటాయన బావమరిది ఒకడు. చనిపోయిన భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. టాక్సీ డ్రైవరు. దిగిన ప్రయాణికుల్ని ఊళ్ళోకి చేర్చడం ఇరవై ఏళ్ళుగా అతని బతుకు. ఇప్పుడు కంపెనీ మేనేజరు అతనికి ఒక ఆశ పెట్టాడు. మినీబస్సు కొనుక్కుంటే రెండు పూటలా ప్రయాణికులందరూ అతనికే. బస్సు అప్పు కోసం అమ్మానాన్నల ఇల్లు తాకట్టు పెట్టాలి. కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. శనివారం సంతకం.

మంగళవారం అతను తూకం గది కిటికీ దగ్గరికి వచ్చాడు.

"బావా, ఊరంతా ఏదో అంటోంది. నిజం నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. సంతకం పెట్టమంటావా, వద్దంటావా?"

కాటాయన కాగితం మీద గీతలు గీస్తున్నాడు.

"ఒక్క ముక్క చెప్పు బావా. ఇల్లు పోతే పిల్లల్ని తీసుకుని ఈ కాటా మీదికి వచ్చి పడుకుంటా, చూస్తూ ఉండు."

నవ్విద్దామని అన్నాడు. కాటాయన కిటికీ తలుపు వేసుకున్నాడు.

వాళ్ళిద్దరి మధ్య మాటల్లేక నాలుగేళ్ళు. భార్య మధ్యాహ్నం డబ్బా తెచ్చినప్పుడల్లా సరదాగా కాటా ఎక్కేది. చివరి ఏడాది ఆ ముల్లు నెలనెలా కిందికి దిగింది. యాభై రెండు. నలభై ఏడు. నలభై ఒకటి. డాక్టరు చెప్పకముందే గోడ చెప్పింది. ఒక పొద్దున ఇంట్లో పడిపోయి ఆమె ఫోన్ చేసింది. ఆయన బావమరిదికి చేశాడు. ప్రయాణికుల్ని దింపేసి అరగంటలో వస్తానన్నాడు బావమరిది. గంటా పది నిమిషాలు పట్టింది. ఆ గంటా పది నిమిషాల్ని కాటాయన ఎవరికీ వదిలిపెట్టలేదు. ఆ సమయంలో తాను ఎక్కడున్నదీ మాత్రం తలుచుకునేవాడు కాదు. తూకం గదిలో ఉన్నాడు. పదహారు మందిని తూచి, సంతకం పెట్టి, విమానం లేచాక బయలుదేరాడు.

బుధవారం మేనేజరు తలుపు వేసి మరీ మాట్లాడాడు.

"రేపట్నుంచి ఇసుక సంచులు బయటికి కనపడకూడదండీ. పెట్టెల్లో పెట్టి పంపండి. సూట్‌కేసులు. చూసేవాళ్ళకి ప్రయాణికుల సామాన్లలా ఉండాలి."

"కాగితం మీద ఏం రాయను సార్?"

"ఇసుక అనే రాయండి. పైలట్‌కి అబద్ధం చెప్పకూడదు. కాగితం ఊరు చూడదుగా."

"పెట్టెలెక్కడివి?"

"తలా ఒకటి ఇంటినుంచి తేవాలి. నేను మూడు తెస్తా. మా ఆవిడ చెవిన వెయ్యకండి, ఇల్లొదిలి వెళ్ళిపోయానేమోనని వెతుక్కుంటుంది."

"మా ఇంట్లో లేవు సార్," అన్నాడు కాటాయన.

గురువారం ఎనిమిది పెట్టెలు వెళ్ళాయి. ఎర్రది, గళ్ళది, చక్రం ఊడిందీ. మంచులో అవి బండి మీద ఊగుతూ వెళ్తుంటే నిజంగానే ఎవరో ఊరెళ్తున్నట్టుంది. లోపల ఆరుగురే కూర్చున్నారు. విమానం లేచాక కూడా కాటాయన కిటికీ దగ్గరే ఉండిపోయాడు. ఖాళీ సీట్లలో ఇసుక మనుషులు కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, మబ్బుల్ని చూస్తున్నట్టు అనిపించింది. వాళ్ళు దిగేచోట వాళ్ళకోసం ఎవరు వస్తారు?

బావమరిది పరుగున వచ్చాడు.

"ఎనిమిది పెట్టెలు బావా! నా కళ్ళతో లెక్కపెట్టాను. ఇసుక ఒక్క సంచీ లేదు. జనం మళ్ళీ ఎక్కుతున్నారు. ఊరి నోరు మంచిది కాదు బావా, ఊరికే భయపెట్టి చంపారు. ఎల్లుండి సంతకం పెట్టేస్తున్నా."

"ఊఁ," అన్నాడు కాటాయన.

నాలుగేళ్ళలో అదే ఎక్కువ. బావమరిది ఆ 'ఊఁ' పట్టుకుని సంబరంగా వెళ్ళిపోయాడు.

సాయంత్రం కాటాయన ఇంటికెళ్ళి దీపం వెయ్యకుండా కూర్చున్నాడు. ఒకటే గది. మంచం, స్టవ్వు, గోడకు రెండు చొక్కాలు. ఆ 'ఊఁ' చొక్కాల పక్కన వేలాడుతున్నట్టే ఉంది. వాడు మునిగితే మునగనీ అనుకున్నాడు. ఆ మాట రెండుసార్లు అనుకున్నాక రుచి లేకుండా పోయింది. లేచి మంచం కిందినుంచి భార్య పెట్టె లాగాడు. గోధుమ రంగు తోలుపెట్టె, ఇత్తడి మూలలు. పెళ్ళికి ఆమె తమ్ముడు తన మొదటి జీతంతో కొనిచ్చింది. ఉద్యోగి భార్యకు ఏడాదికోసారి విమానం టిక్కెట్టు ఊరికే ఇస్తారు. ఆమె సముద్రం చూస్తానంటే వచ్చే నెల అనేవాడు. ఎన్ని 'వచ్చే నెల'లు గడిచాయో ఆయన ఎప్పుడూ తూచలేదు. పెట్టెలో శాలువా, దాని కింద టిక్కెట్టు దరఖాస్తు ఉన్నాయి. అంతా ఆమే నింపింది. తేదీ, ఆయన సంతకం తప్ప. శాలువా బయట పెట్టాడు. కాగితం తియ్యలేదు.

శుక్రవారం మంచు గోడలా ఉంది. ప్రయాణికులు నలుగురే. లెక్క ప్రకారం పది సంచులు కావాలి. ఎనిమిది పెట్టెల్లో ఎనిమిది పోగా రెండు మిగిలాయి. ఆ రెండూ తోలుపెట్టెలో వేసి కాటా మీద పెట్టాడు. ముల్లు లేచి, వణికి, నలభై ఒకటి దాటి ఆగింది. దాటినందుకు ఆయనకు ఎందుకో ఊపిరి ఆడింది.

అది ఒక్క మనిషి మోసే బరువు కాదు. పొడుగాయన జీతం వచ్చాకే వస్తానని ఇంట్లో కూర్చున్నాడు. కాటాయన కంచె దాకా నడిచాడు. నలుగురినీ దింపిన టాక్సీ ఇంకా అక్కడే ఉంది.

"ఒరేయ్, ఇటు రా."

బావమరిది వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవర్నో పిలిచాడనుకుని.

"నన్నేనా? నాకు పాస్ లేదు బావా. లోపలికి రానివ్వరు."

"నేను రానిస్తున్నా."

తూకం గదిలో అడుగుపెట్టగానే అతను ఆగిపోయాడు.

"అక్క పెట్టె! ప్రయాణమా బావా? ఎక్కడికి? చెప్పాపెట్టకుండా…"

"అటు పట్టు."

ఇద్దరూ చెరోవైపు పట్టి లేపారు. పెట్టె కాస్త వంగింది. లోపల బరువు ఒక్కసారిగా బావమరిది వైపు జారి, ధబ్‌మంది. అతను దించలేదు. ఇరవై ఏళ్ళు జనం సామాన్లు ఎత్తిన చేతులవి. బట్టలు పెట్టెలో కూర్చుంటాయి. పుస్తకాలు అడుగున పడుకుంటాయి. ఎటు వంచితే అటు పోయేది ఏదో ఆ చేతులకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"బావా, ఇది…"

"బండి మీద ఇంకా ఎనిమిది ఉన్నాయి. విమానంలోకి ఎక్కించాలి. ఎత్తు."

ఎర్రది ఎత్తాడు. గళ్ళది ఎత్తాడు. చక్రం ఊడినదాన్ని ఎత్తి, లోపల ఏముందో వింటున్నట్టు కాసేపు గుండెకు పట్టుకుని నిలబడ్డాడు. మంచు వాళ్ళిద్దరి నడుము దాకా ఉంది. చివరి పెట్టె అరలోకి తోశాక అతను బావ వైపు తిరిగాడు.

"నోటితో చెప్పొచ్చు కదా బావా. మంగళవారమే చెప్పొచ్చు కదా."

"నీతో మాట్లాడను కదా."

"అక్క ఉంటే…"

"లేదు. పద, తలుపు వెయ్యాలి."

కాటాయన కాగితం రాశాడు. మనుషులు నలుగురు, ఇసుక పది సంచులు. సంతకం పెట్టాడు. విమానం మంచులోకి వెళ్ళింది. ముందు ముక్కు పోయింది, తర్వాత తోక, చివరికి చప్పుడు. సాయంత్రం తోలుపెట్టె తిరిగొచ్చింది. సముద్రం పక్కనున్న ఊళ్ళో నలభై నిమిషాలు ఆగి వచ్చింది.

శనివారం బావమరిది సంతకం పెట్టలేదు. అప్పిచ్చేవాడు ఎందుకని అడిగితే మనసొప్పలేదన్నాడు. పెట్టెల సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. అతను ఎవరి బావమరిదో ఊరికి తెలుసు. మధ్యాహ్నానికి టిక్కెట్ల కౌంటరు ముందు డబ్బు వెనక్కి అడిగేవాళ్ళ వరస మలుపు దాటింది.

"మీరేమైనా చెప్పారా అతనికి?" అన్నాడు మేనేజరు.

"మా ఇద్దరికీ మాటల్లేవు సార్. ఎవర్నయినా అడగండి."

అడిగాడు. అందరూ అదే చెప్పారు.

పదహారు రోజులు గడిచాయి. పెద్ద కంపెనీ మనుషులు ఇద్దరు నిచ్చెనతో వచ్చి, తోక మీద పిట్టకు తెల్ల రంగు పూశారు. ఒక పూత చాలలేదు. ఎండలో చూస్తే లోపల ఇంకా ఎగురుతూనే ఉంది. రెండోది కూడా వేశారు. చొక్కాలు వెనక్కి ఇమ్మన్నారు. కాటాయన బనియను మీద బయటికి వచ్చాడు. ఉద్యోగం పోయింది. దాన్ని పోగొట్టిన చేతుల్లో తనదీ ఒకటని ఆయనకు తెలుసు. పశ్చాత్తాపం ఉందా అని వెతికాడు. కనిపించలేదు.

గేటు బయట టాక్సీ ఆగి ఉంది. బావమరిది దిగి, తన చొక్కా ఒకటి అందించాడు. కాటాయన తొడుక్కున్నాడు. భుజాల దగ్గర వదులు.

"ఇల్లు నిలబెట్టావు బావా," అన్నాడు బావమరిది. "ఇంక చాలు. ఆ రోజు నేను… ఇంకొకళ్ళని దింపేసి వద్దామనుకున్నా. ఇంకొక్కళ్ళే. రోజూ అనుకుంటూనే ఉన్నా బావా."

కాటాయన రన్‌వే వైపు చూశాడు. మంచు లేదు. అంతా పూర్తిగా కనిపిస్తోంది. గడ్డి, తారు, దూరంగా ఖాళీ.

"ఆ రోజు పదహారు మంది," అన్నాడు. "అందరినీ తూచే వచ్చాను."

ఆ మాట ఎవరితో అన్నాడో బావమరిదికి తెలియలేదు. ముందు సీటు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"కూర్చో బావా."

కాటాయన వెనక తలుపు తీసుకుని ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు. బావమరిది ముందు తలుపు మెల్లగా మూశాడు. టాక్సీని ఇంటివైపు తిప్పాడు.