ఎండ పడే జాగా

గుడాఖు మరక మామూలు సబ్బుకు వదలదు. మనోజ్‌కుమార్ రోజూ ఆ నల్లటి పొగాకు ముద్దను వేలితో పళ్ళకు రుద్దుకుని, వాష్‌బేసిన్‌లో ఉమ్మి, నీళ్ళయినా పొయ్యకుండా టీవీ ముందు చేరతాడు. బేసిన్ అంచున వేలిముద్ర, గొట్టం నోట్లో జిగట తీగ. కాస్త నీళ్ళు పోస్తే ఏం పోతుందని పెళ్ళయిన కొత్తలో వాసవి అడిగింది. "మా అమ్మ ఎప్పుడూ అడగలేదే," అన్నాడు. అప్పటి నుంచి ముక్కుకు చున్నీ కట్టుకుని తోముతోంది.

ఈ ఉదయం సగం తోమిందో లేదో, వెనక నుంచి మనోజ్ మాట పడింది.

"దొడ్లో నీ కుర్చీ తీసీ. సుపేలా నుంచి షెడ్డోళ్ళు వస్తన్నారు. ఆ పొదలు పీకించి షెడ్డేయిస్తాను, కారు ఎండకి మాడిపోతంది."

"ఇవాళా? రాయ్‌పూర్ నుంచి మధులత మేడమ్ వస్తున్నారని నిన్న చెప్పాను కదండీ."

"చెప్పావు. అందుకే ఆవిడ కంటే ముందు రమ్మన్నాను," అని నవ్వాడు. పళ్ళ సందుల్లో నల్లటి ముద్ద ఇంకా ఉంది. 

మధులత ఆమె పీహెచ్‌డీ గైడు. కాలేజీలో వాసవిది ఏటేటా కాంట్రాక్టు మీద నడిచే జువాలజీ లెక్చరర్ కొలువు. పీహెచ్‌డీ పూర్తయితేనే అది నిలుస్తుంది. రుఆబాంధాలో ఉక్కు కంపెనీ ఇచ్చిన ఈ క్వార్టర్ వెనక, అత్తగారు పిచ్చిమొక్కలనే ఆ పొదల దగ్గరే ఆమె పనంతా. మేడమ్ వచ్చేసరికి పొదలుండకపోతే చూపించడానికి ఏమీ మిగలదు.

ఆ పొదల మీద ఎండ పడే ఆకు కోసం మగ సీతాకోకచిలుకలు పోట్లాడుకుంటాయి. నల్లటి రెక్కలు, వాటి మీద నీలి మెరుపుతో తెల్లటి మచ్చలు. వాసవి వాటిని వలతో పట్టి, రెక్క మీద వెండి సిరాతో గుర్తు పెట్టి వదులుతుంది. తర్వాత పొదను ఊపి, ఏది ఎంతసేపటికి తిరిగొస్తుందో చూస్తుంది. పిరికిది ఏ రోజయినా పిరికిదే, మొండిది ఏ రోజయినా మొండిదే. అన్నిటికంటే మొండిది చిరుగు రెక్కది. వాటికి కోరల్లేవు, కొమ్ముల్లేవు, ఒకదాన్నొకటి గీరను కూడా గీరలేవు. చుట్టూ తిరుగుతాయి, అంతే. చివరికి ఒకటి ఆ చోటు తనది కాదనుకుని తనంతట తనే వెళ్ళిపోతుంది. మనోజ్ స్నేహితుల ముందు ఆమెను "తితలీ డాక్టర్" అని, అంటే సీతాకోకచిలుకల డాక్టరని, పిలిచి నవ్వించేవాడు. అప్పుడల్లా వాసవి పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. అతను ఫోన్ మాట్లాడితే పడగ్గది వదిలేది. టీవీ పెడితే ముందుగది వదిలేది. ఎన్నడూ ఎవరూ గెంటలేదు. తనే వెళ్ళింది. ఈసారి ఆమెకు తన మీదే అసహ్యం వేసింది.

బ్రష్ బేసిన్‌లోనే పడేసి, దొడ్లోకి వెళ్ళి, పొద పక్కన కుర్చీలో కూర్చుంది.

షెడ్డువాళ్ళు గునపాలతో వచ్చారు. మనోజ్ పొదను కాలితో తన్నాడు. చిరుగు రెక్క లేచి, అతని తల చుట్టూ తిరిగి, మళ్ళీ అదే ఆకు మీద వాలింది. తువ్వాలుతో కొట్టాడు. తప్పించుకుని మళ్ళీ వాలింది. షెడ్డువాళ్ళలో ఒకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"లెగు," అన్నాడు మనోజ్.

"లేవను."

గుమ్మంలోంచి అత్తగారు జోగమ్మ కేకేసింది. "ఏటే కోడలా, పరాయి మగోళ్ళ ముందు ఈ బాగోతమేటి? మొగుడు లెగమంటే లెగాలి."

"క్వార్టర్ ఎవుల పేరు మీద ఉందనుకుంతన్నావు?" మనోజ్ మీదికొచ్చాడు. గుడాఖు కంపు మొహానికి కొట్టింది. వాసవి తల తిప్పుకోలేదు.

"కంపెనీది. మావయ్యగారూ నాదీ నాదీ అంటూనే మీ ఖుర్సీపార్ క్వార్టర్ గోడలకు రంగులేయించారు. రిటైరయ్యాక తాళం కంపెనీకి ఇచ్చేసి వచ్చారు. కదా అత్తయ్యా?"

 ఆ క్వార్టర్ వదిలిన రోజు గుమ్మంలో జోగమ్మ ఎంత ఏడ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మనోజ్ కుర్చీ చుట్టూ తిరిగాడు. చెయ్యెత్తబోయి షెడ్డువాళ్ళ వైపు చూసి దించేశాడు. మేస్త్రీ గునపం భుజాన వేసుకున్నాడు. "దీదీ ఉఠేంగీ తబ్ నా గడ్డా హోగా, భయ్యా. అక్క లేస్తేనే కదా గుంట తవ్వేది. ఇంకోరోజు పిలవండి."

వాళ్ళు వెళ్ళిపోగానే మనోజ్ లోపలికి పోయాడు. టీవీ గోల పెరిగింది.  వాసవి మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

మధులత వచ్చాక ఇద్దరూ పొద దగ్గర చాలాసేపు కూర్చున్నారు. చిరుగు రెక్క తన ఆకు మీదికొచ్చిన మరోదాన్ని ఆకాశం దాకా తరిమి రావడం మేడమ్ కళ్ళారా చూసింది. "దీన్నే మొదటి అధ్యాయం చెయ్యి," అంది.

మట్టి చేతులు చూసుకుంటూ ఆవిడ లేచింది. వాసవి ఆమెను దొడ్లో కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది.

"లోపల బేసిన్ లేదా?"

"ఉంది మేడమ్," అంది వాసవి, టీవీ గోల దాటి వినబడేలా. "ఇవాళ్టి నుంచి అది మా ఆయన తోముతారు. ఇంకా తోమలేదు."