మార్కు కల్లంలో కొత్త సంఘం

ప్రత్తిపాడు పక్క పల్లెలో, మార్కు మిరపకల్లంలో పరదా పట్టా పరుచుకుని పెద్దలు కూర్చున్నారు. పాత చర్చిలోంచి విడిపోయి కొత్తది పెట్టుకోవాలని వాళ్ళ పట్టుదల. గొడవ ఎక్కడ మొదలైందంటే, క్రిస్మస్ స్టారు ఏ వీధి వైపు కట్టాలన్న దగ్గర. దేవుడికి ఏ వీధైనా ఒకటే గాని మనుషులకి కాదు గదా.

మార్కు భార్య ప్రేమమ్మ అందరికీ టీలిచ్చి, ఓ పక్కన కాయల కుప్ప దగ్గర కూర్చుని తొడిమలు తీస్తోంది. వాళ్ళ మాటలు చెవిన పడుతున్నాయి గాని లోపలికి పోవడం లేదు. పోయిన వానాకాలం ఒక్కగానొక్క కూతురు ఫెబా విషజ్వరంతో పోయింది. అప్పట్నుంచీ ఆమెకి ఏదీ లోపలికి పోవడం లేదు. ఏడుపు కూడా రాదు. వండుతుంది, కూలికి పోతుంది, పిలిస్తే పలుకుతుంది. మార్కు తీరు వేరు. కూతుర్ని మట్టిచేసి వచ్చి మూణ్ణెల్లు తిరక్కుండానే ఈ గొడవలో తల దూర్చాడు. ఆ ఇంట్లో ఊరికే కూర్చోవడం అతని వల్ల కాలేదు.

స్థలం ఇంకా కుదర్లేదు గాని మందిరానికి పేరు పెట్టడం మాత్రం అయిపోయింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. రేకుల షెడ్డు ఎవరు వేస్తారో, మైకుసెట్టు ఎక్కణ్ణుంచి తేవాలో కూడా తేల్చేశారు.

"పాత సంఘంలో మనందరి పేర్లూ రేపే తీయించేద్దాం," అన్నాడు ఎలీషా. వాళ్ళల్లో వయసులో పెద్దవాడు.

ప్రేమమ్మ చెయ్యి ఆగింది. "మరి సమాధుల స్థలమో?"

మైకు దాకా ఆలోచించినవాళ్ళకి అది తట్టనే లేదు. సంఘంలో పేరు లేనివాళ్ళకి పాత చర్చి సమాధుల దొడ్లో గోతి ఇవ్వరు. ఆ కట్టుబాటు పెట్టింది కూడా ఈ పెద్దలే.

"ఇప్పుడు చావెవరికొచ్చిందమ్మా," అనేసి, ఎలీషా నాలిక్కరుచుకున్నాడు.

"కాలవగట్టున ఎక్కడన్నా చూద్దామమ్మా," అన్నాడు కొత్త సంఘానికని పిలుచుకున్న కుర్ర పాస్టరు ప్రకాష్.

"చూసుకోండి అయ్యగారూ. నా పేరు మాత్రం తీయించొద్దు."

మార్కుకి తల కొట్టేసినట్టయింది. "మొగుడిదో చర్చి, పెళ్ళానిదో చర్చీనా? నలుగురూ నవ్విపోరూ?"

"బతికున్నన్నాళ్ళూ నీ చర్చికే వస్తానయ్యా. పాడమంటే పాడతా, ఊడవమంటే ఊడుస్తా. పోయాక మాత్రం పిల్ల పక్కన పడుకుంటా."

ప్రార్థన చేసుకుందామన్నాడు ప్రకాష్. అందరూ కళ్ళు మూసుకున్నారు. మార్కు మూసుకోలేదు. లేచి వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"పిల్లని పెట్టిన రోజు, పక్కన ఇద్దరికి చోటు వదలమని చెప్పాను గదే," అన్నాడు నెమ్మదిగా.

"ఊఁ. వదిలారు." ప్రేమమ్మ ఇంకో కాయ తీసుకుంది. ఆమె గొంతులో కోపం లేదు, అసలేమీ లేదు. "నీది ఇంకెవరికన్నా ఇస్తార్లే."