ఉంగరాల డబ్బా

నల్ల రంగు బండి చాడీలు మోసే చుట్టం లాంటిది. ఎవరి చెయ్యి ఎక్కడ పడ్డా దాచదు. అందుకే కార్ల పాలిష్ షెడ్డు గుమ్మం పక్కన మేకుకి ఒక పాత బిస్కెట్ల డబ్బా వేలాడుతూ ఉంటుంది. లోపలికొచ్చేవాళ్లు ఎంతటివాళ్లయినా ఉంగరాలు, గడియారాలు, బెల్టులు అందులో వెయ్యాల్సిందే. ఆ రూలు పెట్టింది పాలిష్ మేస్త్రి పెళ్లాం. ఆవిడ పోయి పది నెలలైంది. డబ్బా అలాగే ఉంది.

ఆవిడ ఉన్నన్నాళ్లూ మేస్త్రి మెషిన్ పడితే, ఆవిడ లైటు పట్టుకుని వెంట తిరిగేది. గీత మిగిలినచోటల్లా "ఇక్కడింకా ఉంది" అనేది. ఆ మాట వింటే మేస్త్రికి ఒళ్లు మండేది. ఇప్పుడు లైటుని స్టాండుకి బిగించుకున్నాడు. స్టాండు ఏమీ అనదు.

ఆ ఉదయం ఒక నర్సమ్మ కొత్త నల్ల కారు తెచ్చింది. సీట్ల మీద ప్లాస్టిక్ కూడా తియ్యలేదు.

"పదహారేళ్లు బస్సులో నిలబడి తిరిగాను మేస్త్రీ. దీని మీద ఒక్క గీత పడినా నాకు నిద్ర పట్టదు" అని తాళం చేతికిచ్చి డ్యూటీకి పోయింది. నాలుగింటికి వస్తానంది.

కొత్తదే గానీ, షోరూంలో ఎవడో మురికి గుడ్డతో తుడిచినట్టున్నాడు. లైటు పెడితే ఒళ్లంతా సాలెగూడులా సన్న గీతలు. పదకొండింటికల్లా అదంతా పోగొట్టాడు మేస్త్రి. ఇక రంగుని కాపాడే కోటింగ్ వేసేముందు ఆఖరిసారి తుడవాలని బానెట్ మీదికి వంగాడు. గీరుమని చిన్న చప్పుడైంది.

చొక్కా పై గుండీ ఊడి నెలైంది. ఆ సందులోంచి మెడలో దారం జారింది. దారానికి ఉంగరం. బానెట్ మీద జానెడు గీత.

మేస్త్రి గీత మీద ఊది చూశాడు. అలాగే వంగి ఉండిపోయాడు.

"ఏంటి బావా, కారుతో గుసగుసలా? నాతో అయితే మాటే రాదు" అంటూ షెడ్డు అవతలి సగంలో అద్దాలకి ఫిల్ములు అంటించే బావమరిది వచ్చాడు. గీత చూశాడు. తర్వాత ఉంగరం చూశాడు.

"అక్కదా?"

"ఊఁ."

"ఉంగరం ఆస్పత్రిలోనే పోయిందన్నావు."

"అన్నాను."

"మా అమ్మ ఆస్పత్రి వాళ్లని ఏడు తరాల దాకా తిట్టిపోసింది గదా బావా."

"నీకిస్తే మీ అమ్మకిస్తావు. మీ అమ్మ ఎవరికిస్తుందో నాకేం తెలుసు?"

బావమరిది కారు పక్కకొచ్చి నిలబడ్డాడు. గీత వైపు తల ఊపాడు. "షోరూంలోనే పడిందని చెప్పెయ్. పైన కోటింగ్ పడ్డాక ఎవరు చూడొచ్చారు?"

"కోటింగ్ పడితే అది కింద ఉండిపోతుందిరా. బండి ఉన్నన్నాళ్లూ."

మేస్త్రి గీతకి అడ్డంగా గోరు లాగాడు. గోరు తట్టుకుంటే పై పొర తెగినట్టే, మళ్లీ రంగు వెయ్యాలి. జారిపోతే పాలిష్‌కి లొంగుతుంది. రెండుసార్లు లాగినా తట్టిందో జారిందో తేలలేదు. "నువ్వు చూడు" అన్నాడు.

"జారుతోంది బావా."

మేస్త్రి మెషిన్ అందుకున్నాడు. బావమరిది చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు అది తియ్యి."

"లోపలికి దోపుకుంటాలే."

"మా అక్క ఉంటే దాంతో నిన్ను గుమ్మం దాటనిచ్చేదా?"

మేస్త్రి ముడి విప్పబోయాడు. పది నెలల చెమటకి ముడి రాయైపోయింది. బావమరిది బ్లేడుతో దారం తెంపాడు. మేస్త్రి గుమ్మం దాకా నడిచి, ఉంగరాన్ని డబ్బాలో వేశాడు. ఖాళీ డబ్బా ఠంగుమంది.

తిరిగొచ్చేసరికి బావమరిది స్టాండు నుంచి లైటు ఊడదీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు. మెషిన్ నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది.

"ఇక్కడింకా ఉంది" అన్నాడు బావమరిది.

మేస్త్రికి ఒళ్లు మండలేదు. "ఎక్కడ?" అన్నాడు. కనిపిస్తూనే ఉంది, అయినా ఇంకోసారి చెప్పించుకున్నాడు.

గీత పోయాకే కోటింగ్ వేశాడు మేస్త్రి. నాలుగింటికి నర్సమ్మ వచ్చి, గడియారం తీసి డబ్బాలో వేసింది. కారు చుట్టూ తిరిగి, తలుపులో తన మొహం చూసుకుని జుట్టు సర్దుకుంది.

"అమ్మా, బానెట్ మీద నా వల్ల ఒక గీత పడింది. తీసేశాను" అన్నాడు మేస్త్రి.

ఆవిడ లైటు పెట్టించి వెతికింది. ఏమీ కనపడలేదు. "ఎందుకు చెప్పారండీ. ఇక రోజూ ఇక్కడే వెతుక్కుంటాను" అంది. కోపమో నవ్వో తేల్చుకోలేక నవ్వింది. పోతూ పోతూ గడియారం కోసం డబ్బాలో చెయ్యి పెట్టి, "ఇందులో ఎవరిదో ఉంగరం ఉంది" అంది.

"మా ఆవిడది."

నర్సమ్మ షెడ్డు లోపలికి తొంగిచూసింది, పలకరిద్దామని. లోపల స్టాండు ఒక్కటే ఉంది.

"లేదమ్మా" అన్నాడు మేస్త్రి.

కారు వెళ్లిపోయింది. బావమరిది కూడా చెయ్యూపి వెళ్లాడు. మేస్త్రి గుడ్డలు పిండి ఆరేస్తూ రెండుసార్లు గుండెల మీద తడుముకున్నాడు. రేపు పొద్దున్నే ఇంకో నల్ల బండి వస్తుంది. ఉంగరాన్ని డబ్బాలోనే ఉంచి మూత పెట్టాడు.

షెడ్డుకి తాళం వేశాక ఎప్పుడూ ఒకసారి లాగి చూస్తాడు. ఆ పూట రెండుసార్లు లాగాడు. వీధి మలుపు దాకా వెళ్లి, మళ్లీ వచ్చి లాగాడు.