రొట్టెల బండ

బేకరీలో పిండి పిసికే పాలరాతి బండ తీసేసి స్టీలు బల్ల వేయిద్దామని కోడలు ఎన్నాళ్లుగానో అత్తగారి ప్రాణాలు తోడేస్తోంది. చివరికి మేస్త్రీని పిలిపించి బండ తిరగేయిస్తే, అడుగున యుద్ధంలో పోయినవాళ్ల పేర్లున్నాయి. పాత టౌన్‌హాలు కూల్చినప్పుడు మాయమైన ఫలకం అదే.

కోడలు అత్తగారి వైపు తిరిగింది. "ఇన్నేళ్లూ చెప్పలేదేం అత్తయ్యా?"

"చెత్తలో పారేస్తుంటే నేనే మోయించుకొచ్చా. అందులో మా అన్న పేరుంది. పేర్ల మీద పిండి బాదలేక బోర్లా వేశా. పారేసినవాళ్లకి పిలిచి మరీ చెప్పాలా?" అని ఆవిడ కస్సుమంది.

కోడలు కొత్త టౌన్‌హాలువాళ్లకు కబురు పెడితే అత్తగారు అలిగి కూర్చుంది. అయినా బండ వెంట వెళ్లింది.

పేర్లు చెక్కుచెదరలేదు. మేస్త్రీ వాటిలో నల్లరంగు నింపి, గోడకెక్కించే ముందు, ఇన్నేళ్లూ పిండి పిసికిన వెనకవైపు తడిమాడు. నడిమధ్య గుంట పడి ఉంది.

"లోపల డొల్లగా ఉంటే పగిలిపోద్దమ్మా" అంటూ తాపీతో సిమెంటు మెత్తసాగాడు. అత్తగారు చూసి చూసి అతన్ని పక్కకు నెట్టింది.

"పైపైన కాదయ్యా, అరచేత్తో నొక్కాలి."

ఆవిడ అరచెయ్యి ఆ గుంటలో సరిగ్గా ఇమిడిపోయింది. నిండాక, ఆ వైపును గోడకు తిప్పి అతికించారు.