పళ్ళు మొలిచేదాకా

నేను ఒక చిన్న ఇత్తడి రోలును. పచ్చళ్ళు నూరే రోలును కానని ముందే చెప్పాలి. పళ్ళూడినవాళ్ళకు ఆకూ వక్కా దంచిపెట్టడం నా పని. ఇత్తడి సామాన్లకు పేరుపడ్డ అజ్జరంలో పుట్టాను. పగిలిన గంట ఒకటి, కారే కుళాయి ఒకటి కలిపి కరిగించి నన్ను పోతపోశారట. అందుకే కాబోలు, మోగకుండా ఉండలేను, నోరు కట్టుకోనూ లేను.

రావులపాలెంలో తాతబ్బాయిగారి తల్లి నన్ను తీర్థంలో కొనుక్కుంది. ఆవిడ పోయాక నన్ను వంటింట్లోకి తోసేశారు. టీలోకి అల్లం దంచుతూ బతికాను. మనుషులంతే, నోట్లో పళ్ళున్నంతకాలం నా మొహం చూడరు. తాతబ్బాయిగారికి ఆఖరి పన్ను ఊడిన రోజున మాత్రం చింతపండుతో తోమించి అరుగు మీదికి తెచ్చారు.

సాయంత్రమయ్యేసరికి ఆయన నా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. ఆకు, వక్క, గోరంత సున్నం, ఒక లవంగం. రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. మొదటి ముద్ద భార్య అచ్చియ్యమ్మగారికి. ఆవిడకు పళ్ళన్నీ గట్టిగానే ఉన్నాయి, వక్కను పటుక్కున కొరకగలదు. అయినా ఆ సంగతి ఎన్నడూ ఎత్తక, బుద్ధిగా చెయ్యి చాపేది. రెండో ముద్ద పక్కవీధి గవర్రాజుగారికి. ఆయనకూ బోసినోరే. లేచి వెళ్తూ రోజూ ఒకే మాట అనేవారు, "వెళ్ళొస్తాను బావా" అని. తాతబ్బాయిగారి జవాబూ రోజూ ఒకటే.

"రాక ఎక్కడికి పోతావు? పళ్ళు మొలిచాక మానేద్దువుగాని."

ముగ్గురూ నవ్వేవారు. కొత్త హాస్యం ఒకటి వెతుక్కోవాలని వాళ్ళకు ఏనాడూ తోచలేదు.

మొన్న శ్రావణంలో తాతబ్బాయిగారు భోంచేసి పడుకుని, మరి లేవలేదు. ఇల్లు జనంతో నిండిపోయింది. గిన్నెలో అందరికీ సరిపడా ఉందో లేదో తొంగిచూశాక గానీ నాన్న కంచం ముందు కూర్చునేవాడు కాదని పెద్దకూతురు చెప్పి ఏడ్చింది. కూరలమ్మే మనిషి, గంప దించడానికి తనకు చెయ్యందించేది ఆయనొక్కడేనంది.

అచ్చియ్యమ్మగారు అన్నీ వింటూనే గుమ్మం దగ్గరి చెప్పులవంక చూస్తూండేది. చావింట్లో వెళ్ళొస్తామని చెప్పకూడదు. చెబితే చావు మళ్ళీ వస్తుందంటారు. అందుకని వచ్చినవాళ్ళు వచ్చినట్టే మాట్లాడకుండా లేచిపోతున్నారు. ఒక్కో జత కదిలినప్పుడల్లా ఆవిడ మొహం చిన్నబోతోంది.

"వీళ్ళంతా ఆయన కోసం వచ్చేవాళ్ళే. రేపటినుంచి ఈ అరుగెక్కేదెవరే?" అంది కూతురితో.

నాలుగోనాడు గవర్రాజుగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. నా అంచును కాసేపు వేలితో నిమిరారు. తరవాత లేచి, ఒక కాలు చెప్పులో పెట్టి, అలవాటుగా అనేశారు.

"వెళ్ళొస్తాను బావా."

తాతబ్బాయిగారి అక్క పల్లాలమ్మగారు ముందు తేరుకుంది.

"చావింట్లో ఆ మాటేంటయ్యా గవర్రాజూ? ఇంత వయసొచ్చింది, ఆమాత్రం తెలీదా?"

ఆయన రెండో కాలు చెప్పులో పెట్టలేక, మొదటిది తియ్యలేక నిలబడిపోయారు. "నోరు జారింది చెల్లెమ్మా" అన్నారు, అచ్చియ్యమ్మగారివంక చూడకుండానే.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"రాక ఎక్కడికి పోతారన్నయ్యగారూ? పళ్ళు మొలిచాక మానేద్దురుగాని."

పల్లాలమ్మగారు చటుక్కున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

దినవారాలు అయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం అచ్చియ్యమ్మగారు నన్ను పెందలాడే అరుగు మీద పెట్టి, ఆకులు తుడుస్తూ వీధిలోకి చూస్తూ కూర్చుంది. చీకటి పడబోతుండగా మలుపులో తెలిసిన చెప్పుల చప్పుడు వినిపించింది. ఆవిడ దంచడం మొదలుపెట్టింది. చెయ్యి తిరగక దెబ్బలన్నీ ఒకేలా పడుతున్నాయి. నేను సర్దుకున్నాను.

ముద్ద తీసి ఆయనకు అందించబోతే గవర్రాజుగారు తీసుకోలేదు.

"మొదటిది నీది చెల్లెమ్మా."

"నాకు పళ్ళున్నాయి కదన్నయ్యగారూ."

"బావకు తెలీదనుకున్నావా?"

ఆవిడ ఆ ముద్దను బుగ్గన పెట్టుకుంది. చాలాసేపటిదాకా నమలలేదు.