ఆ సూది కాదు

జైలువాళ్లు తాళాలు తలుపులకు వేస్తారు గానీ, నాలాంటివాడికి నోటికి వెయ్యాలి.

ములాఖత్ గదిలో అద్దానికి అవతల మా ఆవిడ వచ్చి కూర్చుంది. ఫోను అందుకోగానే మంచి కబురు చెప్పెయ్యాలని ఆత్రపడ్డాను.

"రోజూ సూది వేయించుకుంటున్నానే! ప్రాణం ఎంత హాయిగా ఉందో!"

ఆవిడ ముఖం మాడిపోయింది. "లోపల కూడా దొరుకుతోందా నీకు?" అని, ఫోను పెట్టేసి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమన్నట్టు, ఆ సూదికీ ఈ సూదికీ మనకు ఒకటే మాట. మత్తు సూదితోనే మా ఇల్లు గుల్లయింది, నేనిక్కడికి వచ్చి పడ్డాను. అది మానితేనే పాపను తీసుకొస్తానని మా ఆవిడ ఒట్టు పెట్టుకుంది. నేను జైలుకొచ్చేనాటికి పాపకు ఇంకా మాటలు రాలేదు.

నేను చెప్పబోయింది ఆక్యుపంక్చర్ సంగతి. ఆ మాటకు నాకు నోరు తిరగదు. మత్తు మానాలనుకునే ఖైదీలకు ఓ డాక్టరమ్మ వచ్చి, చెవులకు వెంట్రుకల్లాంటి సూదులు గుచ్చుతుంది. వాటిలో మందూ మాకూ ఏమీ ఉండదు. గోడవారన కుర్చీల్లో ముళ్లపందుల్లా కూర్చుంటాం. ఎవడైనా నవ్వితే ఆవిడ కసురుతుంది. నాకు వణుకు తగ్గింది, నిద్ర పడుతోంది. అది సూదుల మహిమో, కాసేపు నోరు మూసుకుని కూర్చోవడం మహిమో తెలియదు.

మర్నాడు గుచ్చుతుంటే అడిగాను. "మత్తు మీద యావ తగ్గిందమ్మా. ఇంటి మీద బెంగకు ఎక్కడ గుచ్చుతారు?"

"దానికి చోటు లేదు నాయనా," అంది డాక్టరమ్మ. "దాన్ని అలాగే ఉండనియ్."

ఉంచుకున్నాను. అన్నం ముందు కూర్చున్నా మా ఆవిడే, కళ్లు మూసుకున్నా ఆవిడే. తిట్టడానికైనా వస్తే చాలనిపించేది.

ఆ తర్వాతి ములాఖత్‌కు నా పేరు పిలిచారు. పరుగెత్తాను.

"మత్తు సూదులు ఎవరిస్తున్నారని జైలరుగారి మీదికి గొడవకెళ్లాను," అంది మా ఆవిడ, ఫోను తియ్యగానే. "ఆయన నవ్వి అసలు సంగతి చెప్పాడు. పరువు పోయింది! చెవికని చెప్పి ఏడవచ్చుగా?"

నేను నవ్వబోయాను. అప్పుడే ఆవిడ ఒళ్లోకి పాప ఎక్కింది. ఎంత ఎదిగిందో! నన్ను ఎగాదిగా చూసి తల్లిని అడిగింది. ఫోనులో నాకూ వినిపించింది.

"నాన్నంటే ఈయనేనా?"

మా ఆవిడ నా కళ్లలోకి, వణకని నా చేతులకేసి చూసింది.

"ఆఁ, ఈయనే," అంది.